కమలాపండా, వంట నూనా? ఎవరి కంచంలో అన్నది ముందు చూడాలి

100 గ్రాముల కమలాపండులో పోషకాలు ఎక్కువా, 100 గ్రాముల వంట నూనెలో ఎక్కువా, నూనెల్లో ఏది మంచిది అని అడిగారు. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర. నాన్నకి కిడ్నీ జబ్బు బయటపడ్డ దగ్గర్నుంచి మా వంటిల్లు ఈ అంకెల మీదే నడుస్తోంది.

100 గ్రాముల కమలాపండులో 47 కేలరీల దాకా ఉంటాయి. ఎక్కువ భాగం నీరే. విటమిన్ సి 50 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది, పీచు 2 గ్రాముల పైన, పొటాషియం 180 మిల్లీగ్రాముల దాకా. అంతే బరువు నూనె తూస్తే దాదాపు 900 కేలరీలు, మొత్తం కొవ్వే. అందులో విటమిన్ సి లేదు, పీచు లేదు, పొటాషియం కూడా లేనట్టే. నూనె ఇచ్చేది విటమిన్ ఇ, మన ఒంట్లో తయారవని లినోలిక్ ఆమ్లం లాంటి కొవ్వులు. ప్యాకెట్ మీద ‘కొలెస్ట్రాల్ లేదు’ అని పెద్దక్షరాల్లో వేస్తారు గానీ, గింజల నుంచి తీసిన ఏ నూనెలోనూ అది చెప్పుకోదగ్గంత ఉండదు.

అయితే 100 గ్రాముల నూనె రోజూ ఎవరూ తినరు కదా. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పిన 2000 కేలరీల రోజువారీ భోజనంలో పండ్లు 100 గ్రాములు, నూనెలు, కొవ్వులు కలిపి 27 గ్రాములు. ఆ నూనె 240 కేలరీలు ఇస్తుంది. పండు 50 కూడా ఇవ్వదు. కానీ ఆడవాళ్లకి రోజుకి కావాల్సిన 65 మిల్లీగ్రాముల విటమిన్ సిలో ముప్పాతిక పైనే ఆ పండులో వచ్చేస్తుంది. నూనె ఎంత పోసినా అది రాదు. అందుకే వీటికి పోటీ పెట్టడం నాకు నచ్చదు.

పైగా ఒకదానికొకటి సాయం. తోటకూరలోని బీటా కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎ గా మారే పదార్థం) ఒంటికి బాగా పట్టాలంటే కాస్త నూనె ఉండాలి. అందులోని ఇనుము బాగా పట్టాలంటే విటమిన్ సి తోడుండాలి. అమ్మ తోటకూర వేపుడు దించాకే నిమ్మకాయ పిండుతుంది, వేడికి విటమిన్ సి పోతుంది కాబట్టి. దబ్బకాయ పులిహోరకీ అంతే, అన్నం చల్లారాకే రసం కలుపుతుంది.

ఇదంతా ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మాట. కవిటి చుట్టుపక్కల మా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు లేని ఊరు వెతుక్కోవాలి. కిడ్నీలు బాగా దెబ్బతింటే పొటాషియం బయటికి పోక రక్తంలో పేరుకుంటుంది. అది మరీ పెరిగితే గుండె లయ తప్పుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. నాన్నకి పొటాషియం ఎక్కువుందని తేలాక డైటీషియన్ మొదట ఆపించినవి కమలా రసం, బత్తాయి రసం, కొబ్బరినీళ్లు. కొబ్బరితోటల మధ్య ఉండేవాళ్లకి ఆ చివరిది ఎంత కష్టమో చెప్పలేను. చూడ్డానికి వచ్చిన చుట్టాలు ప్రేమగా సంచినిండా బత్తాయిలు తెచ్చేవారు. వద్దంటే బాధపడతారని, కారణం చెప్పి పిల్లలకి పంచేవాళ్లం. అదే సమయంలో నాన్న చిక్కిపోతున్నారని కూరల్లో నూనె కొంచెం పెంచమన్నారు. పొటాషియం పెరగకుండా కేలరీలు అందుతాయట. ఉప్పు తగ్గించిన కూరకి రుచి రావడానికి చెంచాడు నిమ్మరసం మాత్రం పరవాలేదన్నారు, అంత కొంచెంలో పొటాషియం నామమాత్రమే. ఇక్కడ పండు కంటే నూనే మేలు చేసింది.

కిడ్నీ జబ్బున్న అందరికీ పండ్లు మానిపించకండి. రక్తపరీక్షలో పొటాషియం ఎంతుందో చూసి డాక్టరే చెప్పాలి. షుగర్ కూడా ఉంటే లెక్క మళ్లీ మారుతుంది.

ఏ నూనె అన్న ప్రశ్నకి: విటమిన్ ఇ పొద్దుతిరుగుడు నూనెలో ఎక్కువ, వేరుశనగ నూనెలో మధ్యస్థం, నువ్వుల నూనెలో తక్కువ. మేం ఒకటి అయిపోయాక ఇంకొకటి కొంటాం. అప్పడాలు వేయించగా మిగిలిన నూనెని మాత్రం మళ్లీ మళ్లీ కాచవద్దు.