ఉద్యోగ విరమణ తరువాత పరిచర్య

ప్రశ్న: వందనములు. పల్నాడు జిల్లాలో లెక్కల ఉపాధ్యాయుడిగా పనిచేసి రెండేళ్ల క్రితం పదవీ విరమణ చేశాను. రంపచోడవరం వైపు గిరిజన గ్రామాల్లో సువార్త పరిచర్య చేయాలని నా ఆశ. నా భార్యకు షుగర్ ఉంది. ఈ వయసులో వెళితే అక్కడివారికి భారమవుతారని మా అబ్బాయి అంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు

జవాబు: మీ అబ్బాయి భయాన్ని అవిశ్వాసంగా కొట్టివేయకండి. అయితే మీ ప్రాంతానికి బాగా తెలిసిన అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గారిని కూడా గుర్తు చేసుకోండి. 1842లో గుంటూరుకు వచ్చేనాటికే ఆయనకు నలభై తొమ్మిదేళ్లు. మధ్యలో అమెరికాకు వెళ్లినప్పుడు, యాభై దాటిన వయసులో, బాల్టిమోర్‌లో వైద్యం చదివి తిరిగివచ్చి, గురజాలలోనూ పనిచేశారు. 1869లో రాజమండ్రి మిషన్‌ను మరొక సంస్థకు అప్పగించబోతున్నారని తెలిసి, డెబ్బై ఆరేళ్ల వయసులో అమెరికా నుండి మళ్లీ బయలుదేరి వచ్చారు. ఆయన ఉన్నది సుమారు ఏడాదే. ఆ పనిని నిలబెట్టి, తరువాత వచ్చిన చిన్నవారికి అప్పగించి వెళ్లిపోయారు. ఆయన ధైర్యాన్ని అందరూ మెచ్చుకుంటారు గాని, కొత్తవారు మొదటి నుండి నేర్చుకోవలసిన తెలుగు ఆయనకు అప్పటికే వచ్చునన్న సంగతి నాకు అంతకంటె ముఖ్యంగా తోస్తుంది.

మీ చేతిలో ఉన్నది లెక్కలు. కొండలెక్కి ప్రసంగించడం కంటె, అక్కడి సువార్తికుల పిల్లలకు సాయంత్రం చదువు చెప్పడం, సంఘపు జమాఖర్చులు సరిగా రాసిపెట్టడం మీవంటి వారు బాగా చేయగలరు. (చాలా సంఘాల్లో గొడవలు మొదలయ్యేది ఆ పుస్తకాల దగ్గరే.) బైబిలులోని సంఖ్యాకాండము ఎనిమిదవ అధ్యాయంలో, దేవుని గుడారంలో సేవ చేసే లేవీయుడు యాభై ఏళ్లు నిండాక బరువు పని మానుతాడు, కాని ఆ గుడారం దగ్గర తన సహోదరులకు తోడుగా ఉంటాడు. పెద్దరికం చేయకుండా, మీకంటె చిన్నవాడైన పాస్టరు గారి మాట కింద పనిచేయగలరా అన్నది మాత్రం వెళ్లకముందే మిమ్మల్ని మీరు అడగవలసిన ప్రశ్న.

మీ భార్యగారు మనస్ఫూర్తిగా ఒప్పుకోనిదే బయలుదేరవద్దు. పదవీ విరమణ సొమ్మును మందిర నిర్మాణంలో పెట్టవద్దు. మొదట ఒక్క నెల ఉండి చూడండి. ఆ ప్రయాణానికి మీ అబ్బాయినే వెంట తీసుకువెళ్లండి. ఆసుపత్రి ఎంత దూరమో, అమ్మ మందులు అక్కడ దొరుకుతాయో లేదో అతడే స్వయంగా చూసుకుంటాడు.