పదో తరగతిలో పరుగు ఆపించాలా? ఓ అమ్మకు నా జవాబు

ఉమ్మడి వరంగల్ జిల్లా నుంచి ఒక అమ్మ రాసిన ఉత్తరం ఇది. కాస్త కుదించి ఇస్తున్నా.

"మా పాప జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతి. స్కూల్ టీమ్‌లో 400 మీటర్లు, రిలే పరిగెడుతుంది. మండలంలోనూ జిల్లాలోనూ 400లో ఫస్ట్ వచ్చింది. ఇంకో మూడు వారాల్లో రాష్ట్ర స్థాయి పోటీలు. స్పెషల్ క్లాసులు పోతున్నాయని క్లాస్ టీచర్ రెండుసార్లు కబురు చేశారు, పీఈటీ సార్ ఏమో ఈ సీజన్ వదలొద్దంటున్నారు. మా వారు ఆటలు ఇక చాలు, ఇంటర్ ఎంపీసీ, కార్పొరేట్ కాలేజీ హాస్టల్ అని తేల్చేశారు. పాప రెండు రోజులుగా సరిగ్గా తినడం లేదు. పరుగును నమ్ముకుంటే అన్నం పెడుతుందా?"

అమ్మా, ముందు రాష్ట్ర మీట్‌కి పంపండి. ఆ మాట ఇవాళే పాపకు చెప్పి అన్నం తినిపించండి, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం. ఈ మూడు వారాలు ఆపేస్తే చదువు ఏదో పెరిగిపోతుందని మీ వారు అనుకుంటున్నారు గానీ, అలిగి కూర్చున్న పిల్ల ముందు లెక్కల పుస్తకం తెరిచి పెడితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పైగా స్కూల్ గేమ్స్ సీజన్ మీరు భయపడుతున్నంత పొడుగు ఏమీ కాదు. వానాకాలంలో మండల మీట్‌తో మొదలై, జిల్లా దాటి, రాష్ట్రం దాకా వస్తుంది. రాష్ట్రంలో ముందు వరుసలో నిలిచిన ఒకరిద్దరికే నేషనల్స్ పిలుపు. పిలుపు రాకపోతే మీ పాప సీజన్ ఆ రోజు సాయంత్రమే అయిపోతుంది, పబ్లిక్ పరీక్షలు మార్చిలో. పిలుపు వస్తే ప్రయాణంతో కలిపి ఇంకో పది రోజులు పోతాయి, అంతే. ఆ పది రోజుల నోట్సు ఎవరు రాసిపెడతారన్నది క్లాస్ టీచర్‌తో ఇప్పుడే మాట్లాడుకోండి. టీచర్‌ని శత్రువును చేసుకోవద్దు, ఆవిడ చెప్పింది కూడా తప్పు కాదు.

ఇక అసలు విషయం. మీ ఉత్తరంలో ఫస్ట్ అన్న మాట రెండు చోట్ల ఉంది, ఎన్ని సెకన్లలో పరిగెత్తిందో మాత్రం ఒక్క చోటా లేదు. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు, నాకు రాసే తల్లిదండ్రుల్లో పదిమందిలో తొమ్మిదిమంది ఇంతే, పతకం ఫొటో పంపుతారు, టైమింగ్ పంపరు. నేను మళ్లీ అడిగితే పీఈటీ సార్ వాచీలో 63 సెకన్లు వచ్చిందని చెప్పారు కదా, ఆ అంకెతోనే మాట్లాడుకుందాం.

400 మీటర్లలో మన దేశ మహిళల రికార్డు హిమా దాస్‌ది, 2018 ఆసియా క్రీడల్లో 50.79 సెకన్లు. హిమ లైన్ దాటే సమయానికి 63లో పరిగెత్తే మీ పాప ఇంకా సుమారు 77 మీటర్ల వెనక ఉంటుంది. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు, పదిహేనేళ్ల పిల్లను దేశ రికార్డుతో పోల్చడం అన్యాయమే. మరి మీ పక్కనే చూద్దాం. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి, పల్లెటూరి స్కూల్ గ్రౌండ్‌లో పీఈటీ కంట్లో పడిన పిల్ల, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో ఇదే 400 మీటర్లలో 55.82తో కాంస్యం తెచ్చింది. ఆ పరుగుకీ మీ పాప పరుగుకీ మధ్య సుమారు 46 మీటర్ల దూరం. అయితే దీప్తి మీ పాప వయసులో ఆ టైమింగ్‌లో లేదు, ఏళ్ల తరబడి మంచి కోచ్ దగ్గర, మంచి ట్రాక్ మీద తగ్గించుకుంటూ వచ్చింది.

అంటే 63 మంచిదా కాదా? జిల్లాలో గెలిపించే టైమింగ్, జాతీయ స్థాయిలో పతకం తెచ్చే టైమింగ్ కాదు. అక్కడ పతకం కావాలంటే 60 లోపల ఉండాల్సిందే. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ 63 ఎక్కడ వచ్చింది? మట్టి గ్రౌండ్‌లో, సున్నంతో గీసిన 200 మీటర్ల ట్రాక్ మీద రెండు చుట్లు, నాలుగు మలుపులు, పొద్దున ఎనిమిదింటికి తీసుకెళ్లి ఎండలో కూర్చోబెట్టి పులిహోర ప్యాకెట్ తినిపించి మూడింటికి పరుగెత్తమన్న రోజు, మామూలు బూట్లతో. సరైన 400 మీటర్ల సింథటిక్ ట్రాక్ మీద, అడుగున మేకులుండే స్పైక్స్ బూట్లతో అదే పిల్ల సెకనో రెండు సెకన్లో తక్కువలో రావచ్చు. ఇంకోవైపు చేతి వాచీ టైమింగ్ కాస్త పొగుడుతుంది, మన వేలు తుపాకీ చప్పుడు కన్నా ఆలస్యంగా కదులుతుంది కాబట్టి. అందుకే ఎలక్ట్రానిక్ టైమింగ్‌తో పోల్చేటప్పుడు 400కి 0.14 సెకను కలుపుతారు. మొత్తానికి మన చేతిలో ఉన్నది నమ్మదగిన అంకె కాదు. అందుకే రాష్ట్ర మీట్‌కి పంపమంటున్నా, పతకం కోసం కాదు, ఆ అంకె కోసం. మీట్‌లో మంచి ట్రాక్ దొరక్కపోతే ఒక ఆదివారం హనుమకొండ జేఎన్ఎస్ స్టేడియానికి తీసుకెళ్లండి, సింథటిక్ ట్రాక్ ఉంది. పీఈటీ సార్‌ని బతిమాలి అక్కడ ఒక్క ట్రయల్ పెట్టించండి.

ఇంకో మాట, ఇది కాస్త కటువుగా ఉంటుంది. పద్నాలుగేళ్ల లోపు విభాగంలో అందరినీ చిత్తుచేసిన ఒక అబ్బాయిని నాకు బాగా తెలుసు. ఏడో తరగతికే మీసాలు, మిగతా పిల్లలు వాడి భుజానికి వచ్చేవాళ్లు. వాళ్ల నాన్న షాపులో గల్లాపెట్టె వెనక గోడంతా ఆ పిల్లాడి పతకాలే. పదిహేడేళ్లకల్లా మిగతావాళ్లు కూడా ఎదిగారు, వాడు ఫైనల్‌కి కూడా రాలేకపోయాడు. వాడు చెడిపోలేదమ్మా, ముందు ఎదిగాడంతే. ఆడపిల్లల్లో దీనికి తిరకాసు ఇంకోలా ఉంటుంది. పద్నాలుగు, పదహారు మధ్య ఒళ్లు మారే కాలంలో టైమింగ్ ఏడాది పాటు కదలకపోవచ్చు, ఒక్కోసారి పెరగవచ్చు కూడా. అది చూసి బద్ధకం అని తిట్టి పరుగు మాన్పించిన ఇళ్లు నేను చాలా చూశాను. ఒక సీజన్ చూసి తీర్పు చెప్పొద్దు, ఇంటర్ రెండేళ్ల టైమింగ్‌లు కూడా ఒక నోట్‌బుక్కులో రాసి చూడండి.

అన్నం పెడుతుందా అని అడిగారు. పెడుతుంది, కానీ స్కూల్ సర్టిఫికెట్ పెట్టదు. రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉంది, పద్దెనిమిది నుంచి పాతికేళ్ల మధ్య తీసుకుంటారు, కాకపోతే వాళ్లు చూసేది సీనియర్, జూనియర్ నేషనల్స్, ఆలిండియా ఇంటర్ యూనివర్సిటీ పోటీల్లో తెచ్చిన స్థానాలు. పోలీసు, కేంద్ర బలగాల్లోనూ ఆ దారి ఉంది. మన రాష్ట్ర ఉద్యోగాల్లో 2 శాతం స్పోర్ట్స్ రిజర్వేషన్, ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో 0.5 శాతం సీట్లు ఉన్నాయి. ఆ అరశాతంలో కూడా ముందు అంతర్జాతీయం, తర్వాత జాతీయం, ఇలా మెట్లుంటాయి, జిల్లా ఫస్ట్ అన్న కాగితంతో అక్కడ నిలబడితే వరుస మీ దాకా రాదు. కేంద్ర ప్రభుత్వ క్రీడా పథకం ఖేలో ఇండియాకి ఎంపికైతే శిక్షణ, తిండి, వసతి అన్నీ కలిపి ఏడాదికి 6.28 లక్షల రూపాయల సాయం, అందులో నెలకు 10 వేలు చేతి ఖర్చుకి. అది మంచి డబ్బు, కాకపోతే దానికి కూడా కావలసింది జాతీయ స్థాయి పరుగే. హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ గురించి ఎవరో చెప్పారని కూడా రాశారు, అక్కడ చేర్చుకునేది నాలుగో తరగతికి, మన పాపకి ఆ వయసు దాటిపోయింది.

మీ వారికి ఒక విషయం వినిపించండి, ఆయనకు నచ్చుతుంది. ఐఐటీ మద్రాస్ 2024-25 నుంచి ప్రతి బీటెక్ కోర్సులో రెండేసి అదనపు సీట్లు క్రీడాకారులకు పెట్టింది, అందులో ఒకటి అమ్మాయిలకే. జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు జాబితాలో పేరుండాలి, గత నాలుగేళ్లలో జాతీయ స్థాయి పతకం ఒకటైనా ఉండాలి. రెండూ ఉన్న పిల్లలు ఎంతమంది ఉంటారో మీరే ఊహించుకోండి, కాబట్టి దీన్ని ఆశగా పెట్టుకోమనడం లేదు. ఎంపీసీ తీసుకుంటే పరుగు చచ్చిపోవాలి అన్న లెక్క మాత్రం తప్పని ఆయనకు తెలియాలి.

నా భయం ఎంపీసీ గురించి కాదమ్మా, ఆ హాస్టల్ గురించి. అయిదంతస్తుల బిల్డింగ్, పొద్దున అయిదున్నర నుంచి రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్లు, ఆదివారం వీక్లీ టెస్ట్, గ్రౌండ్ ఎక్కడ అంటే పార్కింగ్ చూపిస్తారు. అక్కడ రెండేళ్లు పెడితే పరుగు గురించి మనం ఏ నిర్ణయమూ తీసుకోనక్కర్లేదు, అదే పోతుంది. గ్రూప్ ఏదైనా సరే, కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు గ్రౌండ్ చూడండి, ఆటల మాస్టారు (పీడీ) ఉన్నారా అని అడగండి, సాయంత్రం గంటన్నర బయటికి పంపుతారా అన్నది రాతపూర్వకంగా అడగండి. ప్రభుత్వ గురుకులాలను చిన్నచూపు చూడొద్దు, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఏడు అంశాలు కలిసిన హెప్టాథ్లాన్‌లో కాంస్యం తెచ్చిన అగసర నందిని సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువుకున్న పిల్లే, వాళ్ల నాన్న టీ అమ్మేవారు. లేదంటే ఇంట్లోంచే వెళ్లి వచ్చే జూనియర్ కాలేజీ, అదే పీఈటీ సార్ దగ్గర సాయంత్రం ప్రాక్టీస్. నాకైతే ఇదే మేలనిపిస్తోంది.

ఇంటర్ అయ్యేసరికి టైమింగ్ 58, 57కి దిగితే అప్పుడు సాయ్ (స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా) శిక్షణ సెంటర్లు, పెద్ద కోచ్‌లు, డిగ్రీలో ఇంటర్ యూనివర్సిటీ, ఇవన్నీ మాట్లాడుకుందాం. దిగకపోతే గొడవ లేదు, ఇంటర్ చేతిలో ఉంటుంది. పరుగు మీద ప్రేమ అలాగే ఉంటే పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి వ్యాయామ విద్యలో డీపీఎడ్, డిగ్రీ తర్వాతైతే బీపీఎడ్ చేసి పీఈటీ కావచ్చు, పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఎన్ఐఎస్‌లో కోచింగ్ డిప్లొమా ఉంది, బైపీసీ తీసుకుంటే ఫిజియోథెరపీ ఉంది. మీ పాపను గుర్తించినది కూడా ఒక పీఈటీయే కదా.

ఇప్పుడు ఈ సీజన్‌కి సంబంధించిన చిల్లర పనులు, ఇవి చిల్లరగా కనిపిస్తాయి గానీ ముంచేది ఇవే. మొదటిది ఒంటి సంగతి. పాపకు రక్తపరీక్ష చేయించి హిమోగ్లోబిన్ చూడండి, రెండో చుట్టులో కాళ్లు బరువెక్కుతున్నాయి అనే ఆడపిల్లల్లో చాలాసార్లు తేలేది రక్తహీనతే. నెలసరి సరిగ్గా వస్తోందా అని మీరే అడగండి, పీఈటీ సార్‌తో పాప ఆ మాట చెప్పుకోలేకపోవచ్చు. రెండు మూడు నెలలు ఆగిపోతే మంచిదే అనుకోవద్దు, తిండి చాలడం లేదని అర్థం కావచ్చు, డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

రెండోది, సార్‌కి మర్యాదగా చెప్పాల్సిన విషయం. మండల మీట్‌లో స్కూల్‌కి పాయింట్లు రావాలని బాగా పరిగెత్తే పిల్లనే 100కి, 200కి, 400కి, లాంగ్ జంప్‌కి, రిలేకి అన్నింటికీ దింపుతారు. స్కూల్ పరువు కోసం చేస్తారు, తప్పుపట్టలేం. కానీ జిల్లా దాటాక స్కూల్ టీమ్ అనేది ఉండదు, జిల్లా జెర్సీ వేసుకుని పరిగెత్తాలి, కొత్త పిల్లలతో రిలే. ఈసారి 400, రిలే చాలు సార్ అనండి. బ్యాటన్ మార్చుకోవడం మాత్రం ఆ కొత్త పిల్లలతో రెండు సాయంత్రాలైనా ప్రాక్టీస్ చేయనివ్వండి. నాలుగో పిల్ల ఎంత వేగంగా ఉన్నా బ్యాటన్ కింద పడితే అక్కడితో సరి.

మూడోది కాగితాలు. సర్టిఫికెట్ చేతికివ్వగానే పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ అక్కడే నిలబడి చూసుకోండి. పదో తరగతి మెమోలో ఎలా ఉంటుందో అలాగే ఉండాలి. నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయికి నేషనల్స్ సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరం తేడా, కౌన్సెలింగ్ ముందు దిద్దించుకోవడానికి నెలన్నర తిరిగింది. ఎవరైనా సరే వయసు ఒక ఏడాది తగ్గించి రాయిద్దాం అంటే దండం పెట్టి వచ్చేయండి, పై మీట్‌లలో ఎడమ చేతి మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూస్తారు, పట్టుబడితే సీజనే కాదు, పిల్ల పేరు కూడా పోతుంది.

మీ వారితో మాట్లాడేటప్పుడు కెరీర్, భవిష్యత్తు లాంటి పెద్ద మాటలు తేవొద్దు. మార్చి దాకా ప్లాన్ ఇదీ అని ఒక కాగితం మీద రాసి చూపించండి. మీట్ అయ్యే దాకా పొద్దున గ్రౌండ్, సాయంత్రం స్పెషల్ క్లాస్. మీట్ తర్వాత వారానికి మూడు రోజులే పరుగు, ప్రీఫైనల్స్ మొదలయ్యాక ఒళ్లు కదలడానికి అరగంట. వీలైతే ఆయన్ని కూడా మీట్‌కి తీసుకెళ్లండి. ఆయన ఇంతవరకూ పాప పరుగెత్తడం చూడలేదని మీరు రాసిన వాక్యం దగ్గర నేను కాసేపు ఆగిపోయాను.

స్పైక్స్ కొంటే ఈ వారమే కొనండి. కొత్తవి మీట్ రోజు తొలిసారి వేయించొద్దు, మడమ ఒరుసుకుపోతుంది. మీట్ అయ్యాక నాకు టైమింగ్ పంపండి, ఫొటో లేకపోయినా ఫర్వాలేదు.