స్టాటిస్టిక్స్ చదివే అమ్మాయికి పిట్టల మీద ఇష్టం

ప్రశ్న: మాది బద్వేలు. మా అమ్మాయి హైదరాబాద్‌లో యూనివర్సిటీ హాస్టల్లో ఉండి బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతోంది. సబ్జెక్టులు మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్. ఏడాదిగా పిట్టల పిచ్చి పట్టుకుంది. తెల్లవారకముందే లేచి క్యాంపస్‌లో తిరుగుతుంది, ఆదివారమైతే చెరువుల దగ్గరికి పోతుంది. ఏ పిట్టలు ఎన్ని కనిపించాయో ఫోన్లో ఎక్కిస్తుంది. మొదటి ఏడాది 8.3 ఉన్న సీజీపీఏ ఇప్పుడు 7.6కి దిగింది. ఇప్పుడేమో బైనాక్యులర్ కొనివ్వమంటోంది. తోటి పిల్లలు కోడింగ్ కోర్సుల్లో చేరుతుంటే ఈమె వన్యప్రాణుల మీద ఎమ్మెస్సీ చేస్తానంటోంది. ఇదంతా మాన్పించమని వాళ్ల నాన్న పట్టుబడుతున్నారు. నాకేమీ తోచడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మాన్పించవద్దు. అలాగని మార్కుల సంగతి వదిలేయనూ వద్దు. మీ ఇంట్లో ఈ రెండూ కలిసిపోయి ఒకే గొడవ అయినట్టుంది. ముందు వాటిని విడదీద్దాం.

రెండో ఏడాదిలో స్టాటిస్టిక్స్, మ్యాథ్స్ రెండూ బరువెక్కుతాయి. మొదటి ఏడాది ఇంటర్ జ్ఞానంతో నెట్టుకొచ్చిన పిల్లలకు చాలామందికి ఇక్కడే మార్కులు తగ్గుతాయి. అందుకని మార్కుల మెమో ముందు పెట్టుకుని ఏ సబ్జెక్టులో ఎంత తగ్గిందో అమ్మాయిని అడగండి. హాజరు ఎంత శాతం ఉందో కూడా అడగండి. పొద్దున మొదటి క్లాసు ఉన్న సబ్జెక్టుల్లోనే తగ్గితే కారణం ఆ తెల్లవారుజాము నడకే. అన్నింట్లోనూ తగ్గితే వేరే ఏదో ఉంది. నిద్ర చాలకపోవచ్చు, హాస్టల్ భోజనం సరిపడకపోవచ్చు, ఒక లెక్చరర్ పాఠం అర్థం కాక అడగడానికి మొహమాటపడుతూ ఉండవచ్చు. ఐదింటికి లేచే పిల్ల రాత్రి పదింటికల్లా పడుకుంటే ఇబ్బంది లేదు. పన్నెండు దాటాక పడుకుని ఐదింటికి లేస్తే మాత్రం ఏ పిల్లైనా క్లాసులో నిద్రపోతుంది.

ఒక ఒప్పందం చేసుకోండి. క్లాసులున్న రోజుల్లో క్యాంపస్‌లోనే అరగంట చాలు, దూరం వెళ్లేది ఆదివారమే, పరీక్షల ముందు నెల రోజులు బయటి ప్రయాణాలు ఉండవు. హాజరు 75 శాతం కంటే తగ్గకూడదన్నది అందులో మార్చరాని షరతు. పిట్టల మీద ఇష్టం నిజమైనదైతే ఈ కట్టుబాటును ఆమె ఇష్టంగానే ఒప్పుకుంటుంది.

ఇక ఫోన్లో ఎక్కిస్తోందన్నారు కదా, ఆ పని సంగతి మీకు వివరంగా చెప్పాలి. బహుశా అది ఈబర్డ్. అమెరికాలోని కార్నెల్ పక్షి పరిశోధన కేంద్రం 2002లో మొదలుపెట్టిన వేదిక అది. ఎక్కడ, ఎంతసేపు, ఎంత దూరం నడిచి చూశారు, ఏ పక్షులు ఎన్ని కనిపించాయి అన్నవన్నీ అందులో నమోదు చేయాలి. అనుమానం వచ్చిన నమోదును అనుభవజ్ఞులు పరిశీలించి సరిచూస్తారు. మన దేశంలో పక్షుల పరిస్థితిపై 2023లో వచ్చిన జాతీయ నివేదికకు ఆధారం ఇలాంటి నమోదులే. 30 వేల మందికి పైగా మామూలు జనం ఇచ్చిన 3 కోట్లకు పైగా పరిశీలనలతో 942 జాతులను అందులో అంచనా వేశారు.

అంత సమాచారం చేతికి వచ్చాక అసలు కష్టం మొదలవుతుంది. చూసేవాళ్లు ఎక్కువైనందువల్ల ఒక జాతి ఎక్కువగా కనిపిస్తోందా, నిజంగానే పెరిగిందా? చెరువు దగ్గర గంటసేపు కూర్చున్న మనిషి లెక్కను, పది నిమిషాలు చూసి వెళ్లిన మనిషి లెక్కతో ఎలా పోల్చాలి? ఇవి తేల్చేది స్టాటిస్టిక్స్. మీ అమ్మాయి క్లాసులో శాంప్లింగ్ (కొంత భాగం చూసి మొత్తాన్ని అంచనా వేయడం) అని, రిగ్రెషన్ (ఒకటి మారితే ఇంకొకటి ఎంత మారుతుందో లెక్కకట్టడం) అని చదువుతున్నది అదే. వన్యప్రాణి పరిశోధనలో జంతువుల మీద ప్రేమ ఉన్నవాళ్లకు కొదవ లేదు. లెక్క గట్టిగా వచ్చినవాళ్లు దొరకడమే కష్టం. అందుకే ఆమె డిగ్రీ ఒక దారి, ఇష్టం ఇంకో దారి అని నాకు అనిపించడం లేదు. జువాలజీలోకి మారతానని ఎప్పుడైనా అంటే మాత్రం వద్దని చెప్పండి. ఉన్న డిగ్రీయే ఆమెకు బలం.

మీరు బద్వేలు వాళ్లు కాబట్టి ఇంకో సంగతి కూడా చెప్పాలనిపిస్తోంది. మీకు దగ్గర్లోని లంకమల అడవిలోనే ప్రపంచంలో ఎంతో అరుదైన కలివికోడి ఉంది. 1900 తర్వాత ఎవరికీ కనిపించక అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు, స్థానికుల సాయంతో కడప జిల్లాలో దాన్ని మళ్లీ కనుగొన్నారు. ఆ పిట్ట కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. రాత్రిపూట తిరిగే పిట్ట కావడంతో పొదల మధ్య దాని అడుగుజాడలు, అరుపు పట్టుకుని వెతకాల్సి వచ్చేది. సెలవులకు వచ్చినప్పుడు ఈ కథ అమ్మాయినే చెప్పమనండి, నాకంటే బాగా చెబుతుంది. అభయారణ్యంలోకి మాత్రం అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్లకూడదు.

ఉద్యోగాల సంగతికి వస్తే, ఉన్నది ఉన్నట్టు చెబుతాను. వన్యప్రాణుల మీద ఎమ్మెస్సీ చేసినవాళ్లకు మొదట దొరికేవి ఎక్కువగా ప్రాజెక్టు ఉద్యోగాలు. ప్రాజెక్టు అయిపోతే ఉద్యోగమూ అయిపోతుంది. చాలా చోట్ల జీతం తక్కువ. పీహెచ్‌డీ వైపు వెళ్లి జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే నెలకు 37 వేల ఫెలోషిప్ వస్తుంది, కానీ అక్కడిదాకా చేరేవాళ్లు కొద్దిమందే. ఇంటికి వెంటనే ఆమె సంపాదన అవసరమైతే ఈ మాట ఇప్పుడే ఆమెతో మాట్లాడాలి. ఎంత అప్పు ఉందో, ఎన్నాళ్లు ఆగగలరో దాచకుండా చెప్పండి. పందొమ్మిది, ఇరవై ఏళ్ల పిల్లలు ఇంటి లెక్క అర్థం చేసుకోగలరు.

మంచి విషయం ఏమిటంటే, ఇప్పటికిప్పుడు ఏదో ఒకటి తేల్చుకోవాల్సిన పని లేదు. డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉంటే యూపీఎస్సీ పెట్టే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్ష రాయవచ్చు. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్‌కు అర్హత ఇచ్చే సబ్జెక్టుల్లోనూ స్టాటిస్టిక్స్, మ్యాథ్స్ ఉన్నాయి. ఇది చాలామందికి తెలియదు, బోటనీ, జువాలజీ చదివినవాళ్లకే అనుకుంటారు. ఆ పరీక్షలో ఆడపిల్లలు నాలుగు గంటల్లో 14 కిలోమీటర్లు నడిచి చూపించాలి. వారం వారం చెరువుగట్ల మీద తిరిగే మీ అమ్మాయికి అది పెద్ద భయం కాదు. బెంగళూరులో ఎన్‌సీబీఎస్ (నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్) అనే పరిశోధన సంస్థ నడిపే వన్యప్రాణి ఎమ్మెస్సీకి ఏ డిగ్రీ చదివినవాళ్లైనా దరఖాస్తు చేయవచ్చు, అయితే అది రెండేళ్లకొకసారి తీసుకునే చిన్న బ్యాచ్. అదొక్కటే నమ్ముకోకూడదు. నన్నడిగితే ముందు స్టాటిస్టిక్స్‌లో మంచి ఎమ్మెస్సీ చేయడం మేలు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనే ఉంది, దానికి సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ తర్వాత పక్షుల వైపు వెళ్లాలనుకుంటే పరిశోధనలోకి ఆ చదువుతోనే వెళ్లవచ్చు. మనసు మారితే బ్యాంకులు, ఫార్మా కంపెనీలు, డేటా ఉద్యోగాలు ఎలాగూ ఉంటాయి.

కోడింగ్ కోర్సుకు వేలకు వేలు కట్టి చేర్పించకండి. ఆర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, స్టాటిస్టిక్స్ వాళ్లంతా వాడేదే. ఈబర్డ్‌లో తన నమోదులన్నీ ఫైలుగా దింపుకునే వీలుంది. క్యాంపస్‌లో ఏ నెలలో ఏ పక్షులు కనిపించాయో ఆ ఫైలు నుంచి గ్రాఫులు గీయమనండి. చలికాలపు వలస పక్షులు ఎప్పుడొచ్చి ఎప్పుడు పోయాయో తేల్చమనండి. డేటా శుభ్రం చేయడం, లోపాలు గుర్తించడం, ఫలితం రాయడం అన్నీ ఇందులోనే వచ్చేస్తాయి. మూడో ఏడాది ప్రాజెక్టుగా దీన్నే లెక్చరర్‌కు చూపించవచ్చు. ఉద్యోగం ఇంటర్వ్యూలో ‘సర్టిఫికెట్ ఉంది’ అని చెప్పే అమ్మాయి కంటే, రెండేళ్ల సొంత డేటా తెరిచి మాట్లాడే అమ్మాయి నమ్మకంగా జవాబు చెబుతుంది.

బైనాక్యులర్ కొనివ్వండి. 8x42 అని రాసి ఉన్న రకం పక్షులు చూడటానికి బాగుంటుంది. పదివేలు దాటక్కర్లేదు. కెమెరా, పెద్ద లెన్సు అంటే మాత్రం ఇప్పుడు ఒప్పుకోవద్దు, ఆ ఖర్చు లక్షల్లోకి పోతుంది.

చెరువుల దగ్గరికి ఒంటరిగా పోతుందేమోనని మీకు భయం ఉండే ఉంటుంది. అది న్యాయమైన భయమే. హైదరాబాద్‌లో 1980 నుంచీ ఉన్న సంస్థ ఒకటి ఇప్పుడు డెక్కన్ బర్డర్స్ పేరుతో నడుస్తోంది. అలాంటి వాళ్లతో కలిసి అమీన్‌పూర్ చెరువుకో, మంజీరాకో వెళ్లమనండి. గుంపులో అన్ని వయసుల వాళ్లూ ఉంటారు, నేర్చుకునేదీ ఎక్కువ. ఎక్కడికి వెళ్తోందో, ఎప్పుడు తిరిగొస్తుందో బయల్దేరే ముందే మెసేజ్ పెట్టాలి.

వాళ్ల నాన్నగారికి ఇదంతా మీ నోటితో చెప్పకండి, అమ్మాయినే చెప్పమనండి. వీడియో కాల్‌లో తన లిస్టు చూపించి, తన గ్రాఫు తనే వివరించమనండి. ఆయన అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పుకోవడం కూడా ఆమెకు పనికొచ్చే సాధనే. ఈ సెమిస్టర్ మార్కులు వచ్చాక, హాజరు శాతంతో సహా నాకు మళ్లీ రాయండి. సీజీపీఏ ఎనిమిది దగ్గరికి చేరితే సీయూఈటీ ప్రిపరేషన్ ఎప్పుడు మొదలుపెట్టాలో చెబుతాను. ఇంకా తగ్గితే ఆదివారాలు కూడా కొన్నాళ్లు ఆపమని నేనే ఆమెకు రాస్తాను.