వకీలమ్మ జవాబు: గొడ్డలితో నరికినవాడు బెయిల్ మీద ఊళ్లోకొచ్చాడు

ప్రశ్న: వకీలమ్మ గారికి నమస్కారం. మాది దేవరకొండ వైపు పల్లె. నేను హైదరాబాద్‌లో మెడికల్ షాపులో పనిచేస్తున్నా. ఆగస్టులో గెట్టు పంచాయితీ ముదిరి మా పాలోళ్లు మా నాయన మీద గొడ్డలితో దాడి చేశారు. తలకు కుట్లు పడ్డాయి. అడ్డం పెట్టిన ఎడమ చేతికి రెండు వేళ్లు తెగిపోయాయి. అమ్మ కళ్ల ముందే జరిగింది, ఫిర్యాదు కూడా ఆమే ఇచ్చింది. హత్యాయత్నం కేసు పెట్టి తండ్రీకొడుకులిద్దరినీ రిమాండ్‌కు పంపారు. నెలన్నరకే తండ్రికి బెయిల్ వచ్చింది. మాకెవరూ చెప్పలేదు. డీజే చప్పుడు విని అమ్మ బయటికొస్తే, మెడలో దండేసుకుని ట్రాక్టర్ మీద మా వాకిలి ముందు నుంచే పోతున్నాడట. బండి ఆపి పటాకులు కాల్చారు. "ఈసారి వేళ్లతో పోదు" అన్నాడట. ఇప్పుడు పత్తి ఏరే రోజులు. చేనుకు బాట వాళ్ల బావి మీదుగానే. అమ్మ ఇల్లు కదలడం లేదు. కొడుకు కూడా బెయిల్‌కు పెట్టుకున్నాడని, లోక్ అదాలత్‌లో రాజీ పడమని పెద్దమనుషులు ఒత్తిడి చేస్తున్నారు. బెయిల్ ఆర్డర్ కాపీ పంపుతున్నా. మనుషుల్ని నరికినవాళ్లకు ఇంత తేలిగ్గా బెయిల్ ఇస్తారా? (పేరు రాయొద్దని కోరారు)

జవాబు: తమ్ముడూ, నువ్వు పంపిన ఆర్డర్ చదివాను. మూడు పేజీలుంది. బెయిల్ ఎందుకిచ్చారన్నది చివరి పేజీలోనే ఉంది: దర్యాప్తు చాలావరకు పూర్తయింది, గాయపడిన వ్యక్తి ఆస్పత్రి నుంచి డిశ్చార్జ్ అయ్యాడు, నిందితుడి మీద పాత కేసులు లేవు, వుండ్ సర్టిఫికెట్ దాఖలు కాలేదు. ఈ చివరి మాట దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను. గాయం మామూలుదా తీవ్రమైనదా అని డాక్టరు రాసిచ్చే కాగితం అది. వేళ్లు పోవడం భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ ప్రకారం తీవ్ర గాయమే, అందులో వాదనకు తావు లేదు. కానీ ఆ రోజు జడ్జి గారి ముందున్న ఫైల్‌లో ఆ కాగితం లేదు. మీ తరఫున నిలబడి "అయ్యా, ఈ మనిషి ఇక నాగలి మేడి పట్టలేడు" అని చెప్పినవాళ్లూ లేరు. మూడు పేజీల్లో మీ నాయన చేతి గురించి ఒక్క ముక్క లేకపోవడం నాకు నిజంగా బాధనిపించింది.

కాబట్టి మొదటి పని, అమ్మను తోడు తీసుకుని స్టేషన్‌కు వెళ్లి దర్యాప్తు అధికారిని వుండ్ సర్టిఫికెట్ వచ్చిందా, కోర్టుకు పంపారా అని అడుగు. రాకపోతే ఆస్పత్రి నుంచి త్వరగా తెప్పించమని రాతపూర్వకంగా ఇవ్వు. దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చిందో 90 రోజుల్లోగా బాధితులకు చెప్పాల్సిన బాధ్యతను కొత్త చట్టం పోలీసుల మీద పెట్టింది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 193వ సెక్షన్‌లో ఉంది. అడగడానికి మొహమాటపడొద్దు.

ఇది ఎందుకు అర్జెంటంటే, కొడుకు ఇంకా లోపలే ఉన్నాడు. హత్యాయత్నంలో గాయం కూడా అయితే యావజ్జీవం దాకా శిక్ష పడొచ్చు. అలాంటి కేసులో మొదటి రిమాండ్ నుంచి 90 రోజుల్లోపు చార్జిషీట్ పడకపోతే, షూరిటీలు పెట్టుకుని బయటికి రావడం నిందితుడికి హక్కు అయిపోతుంది. అప్పుడు జడ్జి గారు నేరం ఎంత ఘోరమైనదో చూడటానికి కూడా వీలుండదు. జనం "కోర్టు వదిలేసింది" అని తిట్టుకునే బెయిళ్లలో కొన్ని ఇలా గడువు దాటడం వల్ల వచ్చినవే. నాకు కోపం వచ్చేది అక్కడ. ఆగస్టు రిమాండ్ అంటే మీకు నవంబర్ దగ్గరపడుతోంది. తేదీ రాసి పెట్టుకో.

ఇక కొడుకు బెయిల్ పిటిషన్. దాని మీద వాదనలు జరిగే రోజు మీ మాట కూడా వినమని అడిగే హక్కు మీకుంది. లఖింపూర్ ఖేరి కేసులో 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. రైతుల మీదికి వాహనం ఎక్కించిన ఆ కేసులో హైకోర్టు బాధితుల వాదన సరిగా వినకుండా ఇచ్చిన బెయిల్‌ను కొట్టేసి, దర్యాప్తు మొదలు చివరిదాకా ప్రతి దశలో బాధితులకు తమ మాట వినిపించుకునే హక్కు ఉందని తేల్చింది. అయితే ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ కేసుల్లో, కొన్ని లైంగిక నేరాల్లో బాధితులకు బెయిల్ సంగతి తెలియజేయాలని చట్టమే చెబుతుంది. మీలాంటి గెట్టు తగాదాల్లో ఆ ఏర్పాటు లేదు. ప్రతి హింస కేసులో ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. అది వచ్చేదాకా మనమే కనిపెట్టుకుని ఉండాలి. ఈ-కోర్ట్స్ యాప్‌లో కేసు నంబర్ కొడితే వాయిదా ఎప్పుడో ఫోన్‌లోనే కనిపిస్తుంది.

వకీలు ఫీజు గురించి టెన్షన్ పడకు. నల్గొండ కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును పెడతారు. ఫిర్యాదు ఇచ్చింది అమ్మే కాబట్టి దరఖాస్తు ఆమె పేరు మీద పెట్టు. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. ఆ వకీలు పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ, అంటే ప్రభుత్వ వకీలు) గారికి సహాయంగా ఉంటారు.

ఇప్పుడు బయటున్న తండ్రి సంగతి. ఆర్డర్‌లో షరతులు రెండే: ప్రతి సోమవారం స్టేషన్‌లో సంతకం, సాక్షులను బెదిరించకూడదు. ఊళ్లో అడుగుపెట్టొద్దన్న షరతు లేదు. అడిగి ఉంటే పెట్టేవారేమో, అడిగినట్టు ఆర్డర్‌లో కనిపించలేదు. అయినా అమ్మ ప్రత్యక్ష సాక్షి. ఆమె వాకిలి ముందు అతను అన్న ఆ మాట రెండో షరతును నేరుగా ఉల్లంఘించడమే. బెయిల్ రద్దు చేయమని నాగరిక్ సురక్షా సంహిత 483వ సెక్షన్ కింద సెషన్స్ కోర్టుకే వెళ్లొచ్చు. పీపీ గారు వేయొచ్చు, మీరైనా వేయొచ్చు. మధ్యప్రదేశ్‌లో అత్యాచారం కేసులో నిందితుడు బెయిల్ మీద రాగానే "భయ్యా వచ్చేశాడు" అన్నట్టు పోస్టర్లు వేసి సంబరం చేశారు. 2022 మేలో సుప్రీంకోర్టు ఆ పోస్టర్లను కూడా లెక్కలోకి తీసుకుని బెయిల్ రద్దు చేసింది. మీ వీధిలో మోగిన డీజే అంతకంటే చిన్నదేమీ కాదు.

కానీ ఇచ్చిన బెయిల్ రద్దు చేయాలంటే కోర్టు గట్టి ఆధారం అడుగుతుంది. "భయంగా ఉంది" అంటే సరిపోదు. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరెవరు విన్నారు, అన్న మాట అన్నట్టుగా అమ్మ చేత చెప్పించి కాగితం మీద పెట్టు. వీడియో ఎవరైనా తీసి ఉంటే, ఆ తీసిన ఫోన్‌ను అమ్మొద్దని, ఫార్మాట్ కొట్టొద్దని చెప్పు. వాట్సాప్‌లో తిరిగిన కాపీని మాత్రమే చూపిస్తే అవతలి వకీలు ఊరుకోడు. ముందు స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకో. తీసుకోకపోతే అదే కాగితం ఎస్పీ గారికి రిజిస్టర్ పోస్టులో పంపు. సాక్షిని బెదిరించడం విడిగా ఇంకో నేరం.

పత్తి చేను మాత్రం కోర్టు వాయిదాల కోసం ఆగదు కదా. అందుకని వెంటనే రెండు పనులు చేయొచ్చు. తహసీల్దార్ ముందు అతన్ని బైండోవర్ చేయించమని పోలీసులను అడుగు. ఏడాది వరకు గొడవ చేయనని బాండ్ రాయించుకుంటారు, తప్పితే ఆ డబ్బు పోతుంది. రెండోది, సాక్షుల రక్షణ పథకం. 2018 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు దీన్ని దేశమంతా అమలు చేయమంది. జిల్లా జడ్జి గారు అధ్యక్షులుగా, జిల్లా పోలీసు అధికారి సభ్యులుగా ఒక కమిటీ ఉంటుంది. అమ్మ దరఖాస్తు పెడితే సబ్‌డివిజన్ పోలీసు అధికారి ప్రమాదం ఎంతుందో రిపోర్టు ఇవ్వాలి. దాన్నిబట్టి ఇంటి చుట్టూ గస్తీ, కోర్టుకు వచ్చే రోజు పోలీసు తోడు లాంటివి ఇస్తారు. ఈ పథకం గురించి తెలిసినవాళ్లు మన జిల్లాలో ఎంత తక్కువో చూస్తే దిగులేస్తుంది. సాక్షి ఊరు విడిచి పోయాక కేసులో మిగిలేదేముంది?

రాజీ గురించి. హత్యాయత్నం లోక్ అదాలత్‌లో రాజీ చేసే కేసు కాదు. చట్టం రాజీకి ఒప్పుకోని నేరం మీద లోక్ అదాలత్‌కు అధికారమే లేదు. పెద్దమనుషులు ఏ కాగితం తెచ్చినా నాయన వేలిముద్ర గానీ సంతకం గానీ పడనీయకు.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్‌ను, మహబూబ్‌నగర్. కత్తులతో పొడిచినవాళ్లు నెలలో బయట తిరుగుతుంటే టీవీలో చూసి రక్తం మరుగుతోంది. ఇలాంటి కేసుల్లో అసలు బెయిలే లేకుండా చట్టం చేయకూడదా అమ్మా?

జవాబు: సార్, మీ బాధ నాకు అర్థమైంది. పై ఉత్తరం చదివాక నాకూ అదే మంట. కానీ బెయిలే లేకుండా చేయడం నాకు సమ్మతం కాదు. ఊళ్లో కొట్లాట జరిగితే చేసినవాళ్లతో పాటు ఇంట్లో ఉన్న మగవాళ్ల పేర్లన్నీ ఫిర్యాదులో రాయించే అలవాటు మీకూ తెలుసు. పొలంలో నీళ్లు కడుతున్న తమ్ముడు కూడా ఏ4 (నాలుగో నిందితుడు) అయిపోతాడు. 2022 చివరి లెక్కల ప్రకారం దేశంలోని జైళ్లలో నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలే. షూరిటీ దొరక్క లోపలుండిపోయే పేదవాళ్లు వాళ్లలో ఉన్నారు. బెయిల్ నియమం, జైలు మినహాయింపు అని జస్టిస్ కృష్ణయ్యర్ 1977లో రాసింది అలాంటివాళ్లను దృష్టిలో పెట్టుకునే అని నేననుకుంటాను. బలమున్నవాడు దాన్ని వాడుకుంటున్నాడని పేదవాడి దగ్గర్నుంచి లాక్కోలేం.

నన్ను ఎక్కువగా కలచివేసేది విచారణ సాగే తీరు. కులాంతర పెళ్లి చేసుకున్న యువకుణ్ని చంపిన మిర్యాలగూడ పరువు హత్య 2018 సెప్టెంబర్‌లో జరిగింది. ప్రధాన నిందితుడికి మరుసటి ఏడాదే బెయిల్ వచ్చింది. అప్పటికి భర్తను పోగొట్టుకున్న ఆ అమ్మాయి చంటిబిడ్డ తల్లి. ప్రధాన నిందితుడు 2020లో చనిపోయాడు. నల్గొండ కోర్టు తీర్పు 2025 మార్చి 10న వచ్చింది, ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి జీవితఖైదు. ఆరున్నరేళ్లు! నేరం రుజువు కాని మనిషిని అన్నేళ్లు లోపలే ఉంచమని ఏ కోర్టునూ అడగలేం. బాధితుల్ని అన్నేళ్లు భయంలో బతకమనీ చెప్పలేం. ఇలాంటి కేసులు ఏడాదిలో తేలిపోతే, మధ్యలో బెయిల్ వచ్చిందా రాలేదా అన్న గొడవ సగం తగ్గుతుంది.

మీరు పోరాడదలుచుకుంటే దానికోసం అడగండి: తీవ్ర గాయాల కేసుల్లో వుండ్ సర్టిఫికెట్ వారంలో కోర్టుకు చేరాలని, బెయిల్ పిటిషన్ పడగానే బాధితుడి ఫోన్‌కు మెసేజ్ పోవాలని, ఊళ్లో ముఖాముఖి గొడవైన కేసుల్లో సాక్ష్యాలు పూర్తయ్యేదాకా నిందితుడు ఆ ఊళ్లో అడుగుపెట్టకూడదన్న షరతు గురించి ప్రతి ఆర్డర్‌లో ఏదో ఒకటి రాయాలని. మీ రిటైర్డ్ టీచర్ల సంఘం తరఫున మీ ఎమ్మెల్యే గారికి, జిల్లా జడ్జి గారికి వినతిపత్రం ఇస్తానంటే, దాని ముసాయిదా నేను రాసిస్తాను.