పరకాలలో ట్యూషన్ పెడుతున్న బిడ్డకు

బిడ్డా,

ఇంటర్ ఫస్టియర్ పిల్లలకు కెమిస్ట్రీ ట్యూషన్ పెడుతున్నావని రాత్రి మీ బాపు ఫోన్‌లో చెప్పాడు. మీ పెద్దమ్మ పొద్దున్నే వాడకట్టంతా చాటింపు వేసింది. నాకేమో తెల్లవారేదాకా సరిగ్గా నిద్ర లేదు. సంతోషం సగం, టెన్షన్ సగం.

ముందు చిన్న విషయాలు. ఫీజు నెల మొదట్లోనే అడుగు. పత్తి డబ్బులు చేతికి రాని ఇంటి పిల్లల్ని అప్పుడే అడగకు. చీకటి పడకముందే వదిలెయ్, ఆడపిల్లలు ఆటో కోసం రోడ్డు మీద నిలబడొద్దు. సోడియం, యాసిడ్ లాంటివి ఇంటికి తెచ్చావని తెలిస్తే నేనే వచ్చి ట్యూషన్ మూయిస్తా.

పరమాణు నిర్మాణంలో రూథర్‌ఫర్డ్ నమూనా 1911, బోర్ నమూనా 1913 అని బట్టీ పట్టించి వదిలెయ్యకు. పరమాణువు ఎంత ఖాళీయో తెలియాలి. కేంద్రకం పెద్ద శనగ గింజంత అనుకుంటే పరమాణువు అడ్డుకొలత దాదాపు కిలోమీటరు. గింజ మీ వాకిట్లో పెడితే పరమాణువు అంచు అర కిలోమీటరు అవతల. ఎలక్ట్రాన్ విన్యాసాల్లో క్రోమియం, కాపర్ దగ్గర అందరూ తప్పుతారు, రెండుసార్లు రాయించు.

ఇక బంధాలు, ద్రవ్య స్థితులు. నా భయమంతా ఇక్కడే.

నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది. రెండో బెంచీలో ఒక అమ్మాయి లేచి, "సార్, నీళ్లు మసిలేటప్పుడు బుడగలొస్తయి కద, వాటిల్ల ఏముంటది?" అని అడిగింది. ముందురోజే నీటి అణువు బొమ్మ గీశాను. అదే ఊపులో, "వేడికి బంధాలు తెగి హైడ్రోజన్, ఆక్సిజన్ బయటికొస్తాయి" అనేశాను. ఆ పిల్ల కూర్చోలేదు. "పొయ్యి మీదనే కద సార్ మసిలేది, మరి హైడ్రోజన్ అంటుకోదా?" అంది. క్లాసంతా నవ్వింది. నన్ను చూసే నవ్వారనుకున్నాను. "తెలివి ఎక్కువైంది, కూర్చో" అని గద్దించాను.

ఆ సాయంత్రం మీ నాయినమ్మ అన్నం గిన్నె మూత తీసింది. మూత లోపలంతా నీటి చుక్కలు. నేను అట్లాగే నిలబడిపోయాను. బుడగలో ఉన్నది నీరే, ఆవిరిగా ఉంది, అంతే. మొదట్లో గిన్నె గోడలకు అంటుకునే సన్న బుడగలు మాత్రం నీళ్లలో కరిగిన గాలి. నీరు మసిలితే విడిపోయేది అణువుకూ అణువుకూ మధ్య ఉండే హైడ్రోజన్ బంధాలే. అణువు లోపలి సమయోజనీయ బంధాలు చెక్కుచెదరవు. 18 గ్రాముల నీరు 100 డిగ్రీల దగ్గర ఆవిరి కావడానికి సుమారు 41 కిలోజౌళ్లు చాలు. అదే నీటిలోని ఓ-హెచ్ బంధాలన్నీ, అంటే ఆక్సిజన్‌కూ హైడ్రోజన్‌కూ మధ్య ఉండేవన్నీ, తెంచాలంటే 920 పైచిలుకు కావాలి. ఎమ్మెస్సీలో నేను చేసిన లెక్కే ఇది. క్లాసులో ఎటు పోయిందో!

మర్నాడు సరిగ్గానే చెప్పాను. కానీ "నిన్న నేను తప్పు చెప్పాను" అనలేదు. "కొందరు ఇట్లా పొరబడుతుంటారు" అన్నాను. ఆ అమ్మాయి తలొంచుకుని రాసుకుంది. ఏడాదంతా మళ్లీ చెయ్యెత్తలేదు.

నీదీ నా పోలికే. చిన్నప్పుడు క్యారమ్స్‌లో ఓడితే బోర్డు తిరగేసేదానివి, తర్వాత నా ఒళ్లోకొచ్చి ఏడ్చేదానివి. అట్లాంటి ప్రశ్న నీకూ ఎదురవుతుంది. అప్పుడు "రేపు చూసి చెప్తా" అను. పొయ్యి వెలిగించి, గిన్నె మీద మూత పెట్టి చూపించు. ఎండాకాలం రంజన్ నీళ్లు చల్లబడేదీ ఇదే పాఠం. పైకి చెమర్చిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది.

బోర్డు కొనకు. నా పాత నల్లబల్ల అటక మీదుంది, ఒక మూల చెద తిన్నది. ఆదివారం మీ బాపును పంపు. మీ పెద్దమ్మ కొత్త మామిడికాయ తొక్కు సీసాకెత్తి పెట్టింది, అదీ నీకే.

మీ పెద్దబాపు,
హనుమకొండ