విండోస్ వదిలి లినక్స్‌కి వెళ్లాలా? మీ సందేహాలకు జవాబులు

విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది కదా, అప్పట్నుంచీ నాకు వస్తున్న ప్రశ్నల్లో లినక్స్ (విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) మాట లేనిది తక్కువ. అందుకే ఈసారి మిగతా సందేహాలు పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా ఇంట్లో డెస్క్‌టాప్ ఆరో తరం ఇంటెల్ ఐ3, ర్యామ్ 8 జీబీ. బాగానే పనిచేస్తోంది కానీ విండోస్ 11 ఎక్కదంటోంది. నెట్ చూడటం, మెయిల్, ఇంటి లెక్కలు, ఫొటోలు, ఇంతే మా పని. పారేయాలా, లినక్స్ వేసుకోవచ్చా?

పారేయకండి. విండోస్ 11కి టీపీఎం 2.0 (భద్రత కోసం ఉండే చిప్) కావాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి మొదలయ్యే ప్రాసెసర్ కావాలి అని షరతు పెట్టారు కాబట్టి మీ దాంట్లో ఎక్కట్లేదు. అంతే తప్ప మీరు చెప్పిన పనులు చేసే సత్తా దానికి లేక కాదు. లినక్స్ రకాల్లో ఒకటైన లినక్స్ మింట్ వాళ్లు కనీసం 2 జీబీ ర్యామ్ ఉండాలంటారు, హాయిగా నడవాలంటే 4 జీబీ అంటారు. మీ దగ్గర దానికి రెట్టింపు ఉంది. ఇంకా పాత హార్డ్ డిస్కే ఉంటే దాని బదులు ఎస్ఎస్‌డీ వేయించండి, మీరు ఏ సిస్టమ్ వాడినా అన్నిటికంటే ఎక్కువ తేడా అక్కడే కనిపిస్తుంది.

కానీ రేపే లినక్స్ వేసేయకండి. ముందు ప్రోగ్రాములు మార్చండి, సిస్టమ్ తర్వాత. ఇప్పుడున్న విండోస్‌లోనే ఫైర్‌ఫాక్స్ (బ్రౌజర్), థండర్‌బర్డ్ (మెయిల్), లిబ్రేఆఫీస్ (వర్డ్, ఎక్సెల్ బదులు), వీఎల్‌సీ (వీడియోలకు) వేసుకుని ఒక నెల వాటితోనే గడపండి. ఇవన్నీ ఉచితం, విండోస్‌లో ఎలా ఉంటాయో లినక్స్‌లోనూ అలాగే ఉంటాయి. పాత ఆఫీస్ ఐకాన్లు డెస్క్‌టాప్ మీద నుంచి తీసేయండి, లేకపోతే చెయ్యి వాటి మీదికే పోతుంది. ఎక్కడ పని ఆగిపోతే అక్కడ ఒక కాగితం మీద రాసుకోండి: ఫలానా ఎక్సెల్ షీట్‌లో మాక్రో నడవలేదు, ఫలానా వర్డ్ ఫైల్లో టేబుల్ రెండో పేజీలోకి జారిపోయింది, ఇలా. లినక్స్ వేసుకుని వారంలో వెనక్కి వచ్చేసినవాళ్లతో మాట్లాడితే, వాళ్లను విసిగించింది చాలాసార్లు లినక్స్ కాదు, అలవాటైన ప్రోగ్రాము అక్కడ లేకపోవడం. సిస్టమ్, ప్రోగ్రాములు, ఫైళ్లు దాచే చోటు, అన్నీ ఒకే రోజు మారితే ఎవరికైనా తల తిరుగుతుంది. ప్రోగ్రాములు ముందే చేతికి అలవాటైపోతే ఆ రోజు మీకు కొత్తగా కనిపించేవి మెనూ, ఫైల్ మేనేజర్, సెట్టింగ్స్ మాత్రమే.

నెల తిరిగాక ఆ కాగితం చూడండి. ఖాళీగా ఉంటే, లేదా ఉన్నవాటికి దారి దొరికితే, 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకోండి (అందులో ఉన్నదంతా పోతుంది, ముందే కాపీ చేసుకోండి). మింట్ ఐఎస్ఓ ఫైల్ (మొత్తం సిస్టమ్ ఉండే ఒకే ఫైల్) డౌన్‌లోడ్ చేసి, ఎస్‌హెచ్‌ఏ256 సంఖ్య (ఫైల్ పాడవకుండా వచ్చిందో లేదో తెలిపేది) సైట్‌లో ఉన్నదాంతో సరిపోయిందో లేదో చూసుకుని, రూఫస్, బలేనా ఎచర్ అనే ప్రోగ్రాముల్లో ఒకదానితో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. సంఖ్య చూడటం చాదస్తం అనుకోకండి, డౌన్‌లోడ్‌లో పాడైన ఫైల్ ఇన్‌స్టాల్ మధ్యలో అర్థం కాని ఎర్రర్లు ఇస్తుంది, అప్పుడు తప్పంతా కంప్యూటర్‌దే అనుకుంటాం. తర్వాత రీస్టార్ట్ చేసి బూట్ మెనూ కీ నొక్కితే (చాలా కంపెనీల్లో ఎఫ్12, కొన్నిట్లో ఎఫ్9 లేదా ఎస్కేప్) లినక్స్ పెన్‌డ్రైవ్ నుంచే మొదలవుతుంది. మీరు ఇన్‌స్టాల్ నొక్కనంతవరకు లోపల డిస్క్ జోలికి పోదు. అందులోనే వైఫై కలుస్తోందా, స్పీకర్ మోగుతోందా, ప్రింటర్ ఒక పేజీ తీస్తోందా చూడండి. కంప్యూటర్‌ని స్లీప్‌లో పెట్టి మళ్లీ లేపండి, పాత మెషీన్లలో పేచీ వచ్చేది తరచుగా ఇక్కడే. పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తుంది కాబట్టి కాస్త నెమ్మదిగా ఉంటుంది, ఆ వేగాన్ని చూసి నిర్ణయం తీసుకోకండి.

ప్రశ్న: ఉబుంటు, మింట్, ఫెడోరా, డెబియన్... వందల పేర్లున్నాయి. ఏది వేయాలి?

లినక్స్ మింట్, సినమన్ ఎడిషన్ (ఎడిషన్ అంటే తెర, మెనూల రూపం). ర్యామ్ 4 జీబీయే ఉంటే అదే మింట్‌లో తేలికైన ఎక్స్ఎఫ్‌సీఈ ఎడిషన్. ఈ పేర్లన్నిటి లోపలా ఉన్నది 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన కెర్నలే (హార్డ్‌వేర్‌ని నడిపే మూల ప్రోగ్రాము), పైన అమరికలో తేడా. మింట్ 22 సిరీస్‌కి 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి, అందులో మెనూ, టాస్క్‌బార్ విండోస్ అలవాటు ఉన్నవాళ్లు వెతుక్కునే చోటే ఉంటాయి. మరీ కొత్త ల్యాప్‌టాప్ అయ్యుండి మింట్‌లో వైఫై లాంటిది పట్టకపోతే ఫెడోరా చూడండి, దాంట్లో కొత్త కెర్నల్ త్వరగా వస్తుంది. ఏది మంచిదన్న వాదనలు చదువుతూ వారాలు గడిపేయకండి.

ప్రశ్న: విండోస్ 11 ల్యాప్‌టాప్ ఉంది. విండోస్ ఉంచుకుని పక్కనే లినక్స్ కావాలి. డేటా పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

ఆ టెన్షన్ ఉండాల్సిందే, ఎందుకంటే డేటా పోయేది ఇక్కడే. మొదట మీ ఫైళ్లన్నీ విడిగా ఉన్న ఒక హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. అదే ల్యాప్‌టాప్‌లో ఉన్న డీ డ్రైవ్‌లోకి కాపీ చేయడం బ్యాకప్ కాదు. ఈ మాట ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, ఇన్‌స్టాలర్‌లో 'ఎరేజ్ డిస్క్' అని ఒక ఆప్షన్ ఉంటుంది, చాలామంది అది సీ డ్రైవ్‌ని మాత్రమే తుడుస్తుందని అనుకుంటారు. సీ, డీ అన్నవి సాధారణంగా ఒకే డిస్క్‌లో గీసిన రెండు భాగాలు. ఆ ఆప్షన్ డిస్క్ మొత్తాన్ని తుడిచేస్తుంది, డీలో దాచుకున్న పదేళ్ల ఫొటోలతో సహా. మీకు కావాల్సింది 'ఇన్‌స్టాల్ అలాంగ్‌సైడ్ విండోస్' అనే ఆప్షన్.

రెండోది బిట్‌లాకర్, అంటే డిస్క్‌లోని ఫైళ్లకు విండోస్ వేసే తాళం (ఎన్‌క్రిప్షన్). విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ మీరు పెట్టకపోయినా ఆన్ అయి ఉండొచ్చు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైస్ ఎన్‌క్రిప్షన్ ఉందేమో చూడండి. ఉంటే 48 అంకెల రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, దాన్ని కాగితం మీద ఎక్కించుకోండి. బూట్ సెట్టింగులు మారగానే విండోస్ ఆ కీ అడగొచ్చు, అప్పుడు కీ లేకపోతే మీ ఫైళ్లు మీ కళ్ల ముందే ఉన్నా తెరుచుకోవు. నన్నడిగితే లినక్స్ వేసేముందు ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేసి, డిస్క్ పూర్తిగా డీక్రిప్ట్ అయ్యేదాకా ఆగండి. అంతా అయ్యాక మళ్లీ ఆన్ చేసుకోవచ్చు.

మూడోది, కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్లలో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ నిజంగా ఆగదు, సగం నిద్రలో ఉండి డిస్క్‌ని పట్టుకునే ఉంటుంది. లినక్స్ వైపు నుంచి ఆ డ్రైవ్ తెరిస్తే చదవడానికి వస్తుంది కానీ రాయనివ్వదు. జాగా ఖాళీ చేసేటప్పుడు కూడా విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో 'ష్రింక్ వాల్యూమ్'తోనే చేయండి, తన డిస్క్ ఎలా ఉందో దానికే బాగా తెలుసు. 60 జీబీ మొదలుకి చాలు, 100 ఇస్తే నిశ్చింత.

కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఇన్‌స్టాలర్‌కి లోపలి డిస్కే కనిపించదు. బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే మూల సెట్టింగుల్లో) స్టోరేజ్ ఇంటెల్ ఆర్ఎస్‌టీ లేదా వీఎండీ అనే మోడ్‌లో ఉండటం దీనికి మామూలు కారణం. దాన్ని మార్చాలి, కానీ ఊరికే మార్చేస్తే విండోస్ బూట్ కాదు. ముందు విండోస్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి సేఫ్ మోడ్ పెట్టండి, రీస్టార్ట్‌లో బయోస్‌లోకి వెళ్లి ఆ మోడ్‌ని ఏహెచ్‌సీఐకి మార్చండి, విండోస్ ఒకసారి సేఫ్ మోడ్‌లో లేచాక ఎంఎస్‌కాన్ఫిగ్‌లో ఆ సేఫ్ మోడ్ టిక్ తీసేయండి. సెక్యూర్ బూట్‌ని (నమ్మకమైన సిస్టమ్‌నే మొదలవనిచ్చే సెట్టింగ్) మాత్రం కదపక్కర్లేదు, మింట్, ఉబుంటు, ఫెడోరా దాంతోనే నడుస్తాయి. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ వేస్తే పాస్‌వర్డ్ ఒకటి పెట్టమంటుంది, రీస్టార్ట్‌లో నీలం తెర మీద 'ఎన్‌రోల్ ఎంఓకే' అని వస్తుంది. అది వైరస్ కాదు, కంగారుపడి స్కిప్ చేయకండి, ఆ పాస్‌వర్డ్ కొట్టి ముందుకెళ్లండి.

ఆ తర్వాత విండోస్‌లో టైమ్ తప్పు చూపిస్తే బ్యాటరీ పోయిందనుకోవద్దు. మదర్‌బోర్డ్ గడియారాన్ని లినక్స్ యూటీసీగా (ప్రపంచ ప్రామాణిక సమయంగా), విండోస్ లోకల్ టైమ్‌గా లెక్కేస్తాయి. లినక్స్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ అనే కమాండ్‌తో దాన్ని కూడా లోకల్ టైమ్‌కి మార్చుకోవచ్చు.

ప్రశ్న: ఫొటోషాప్, ఇంకా అబ్బాయి ఆడే గేమ్స్ లినక్స్‌లో నడుస్తాయా?

ఫొటోషాప్‌కి లినక్స్ వెర్షన్ లేదు. ఫొటో సరిచేసుకోవడం, పోస్టర్ వేసుకోవడం వరకైతే గింప్, క్రిటా, ఇంక్‌స్కేప్ సరిపోతాయి. గింప్ 3.0 వచ్చాక వేసిన ఎఫెక్ట్‌ని తర్వాత కూడా మార్చుకోవచ్చు, అది పెద్ద ఊరట. కానీ మీ సంపాదన ఫొటోషాప్ ఫైళ్లు ఇచ్చిపుచ్చుకోవడం మీదే ఉంటే దయచేసి విండోస్ వదలకండి. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే వైన్‌తో ఎలాగోలా నడిపిద్దామని చూస్తే డెడ్‌లైన్ రోజే మొరాయిస్తుంది. వీడియో ఎడిటింగ్‌కి ఇంత బాధ లేదు, కేడెన్‌లైవ్ ఉంది, డావిన్చీ రిజాల్వ్‌కి లినక్స్ వెర్షనే ఉంది.

గేమ్స్ సంగతి పూర్తిగా మారిపోయింది. 2018లో వాల్వ్ కంపెనీ తెచ్చిన, విండోస్ గేమ్స్‌ని లినక్స్‌లో నడిపే ప్రోటాన్ వల్ల వాళ్ల గేమ్స్ స్టోర్ స్టీమ్‌లోని విండోస్ గేమ్స్ చాలావరకు మామూలుగా ఇన్‌స్టాల్ చేసి ఆడేసుకోవచ్చు. చిక్కంతా యాంటీ చీట్ (ఆటలో మోసాన్ని పట్టే ప్రోగ్రాము) ఉన్న ఆన్‌లైన్ గేమ్స్‌తోనే. వాలరెంట్, ఫోర్ట్‌నైట్ నడవవు. ఏపెక్స్ లెజెండ్స్ అంతకుముందు నడిచేది, 2024లో లినక్స్‌ని ఆపేశారు. కాబట్టి అబ్బాయిని అడగకుండా మార్చకండి, తను ఆడే గేమ్ పేరు ప్రోటాన్‌డీబీ సైట్‌లో వెతికి, ఆడుతున్నవాళ్లు ఏమన్నారో ఇద్దరూ కలిసి చూడండి.

ప్రశ్న: తెలుగు టైపింగ్ ఎలా?

మింట్ మెనూలో 'ఇన్‌పుట్ మెథడ్' తెరిచి ఐబస్ (వేరే భాషల్లో టైప్ చేయించే ప్రోగ్రాము), దాని ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకోండి. ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ టైపింగ్ పద్ధతులన్నీ అందులో ఉంటాయి. యూనికోడ్‌లో ఉన్న మీ పాత ఫైళ్లు ఉన్నవి ఉన్నట్టే తెరుచుకుంటాయి. యూనికోడ్ కాని పాత ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పేజీలు కట్టే పని ఉంటే, దానికి విండోస్ ఉంచుకోవాల్సిందే.

ప్రశ్న: లినక్స్ కోడ్ అందరూ చూడొచ్చు అంటున్నారు, మరి దొంగలూ చూస్తారుగా? యాంటీవైరస్ ఏది వేయాలి?

చూస్తారు. చూడటమే కాదు, ఒకసారి లోపలికి దూరారు కూడా. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న లైబ్రరీలో ఎవరో నమ్మకంగా పనిచేస్తున్నట్టు నటిస్తూ దొంగదారి పెట్టారు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ తన మెషీన్‌లో ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి కంప్యూటర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్ సుమారు అర సెకను ఆలస్యం అవుతోందేమిటని ఆరా తీసి దాన్ని బయటపెట్టాడు. సామాన్యులు వాడే స్టేబుల్ వెర్షన్లలోకి రాకముందే పట్టుబడింది. కోడ్ తెరిచి ఉండబట్టే బయటి మనిషి ఒకరు అంత లోతుకు వెళ్లి చూడగలిగారు. నాకు ఈ పద్ధతి మీద నమ్మకం ఉన్నది అందుకే.

ఇంటి వాడకానికి యాంటీవైరస్ అక్కర్లేదు. ప్రోగ్రాములు మింట్ సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచే తీసుకోండి, కింద మూలన షీల్డ్ ఐకాన్ అప్‌డేట్లు ఉన్నాయని చూపిస్తే వేసేయండి. నెట్‌లో ఎవరో ఇచ్చిన, సుడోతో (అడ్మిన్ అధికారం ఇచ్చే మాట) మొదలయ్యే కమాండ్‌ని అది ఏం చేస్తుందో తెలియకుండా టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండో) పేస్ట్ చేయకండి, మీ పాస్‌వర్డ్‌తో మీరే తలుపు తీసినట్టు అవుతుంది. బ్యాంకు పేరుతో వచ్చే దొంగ లింకులు ఏ సిస్టమ్‌లోనైనా ఒకటే.

ప్రశ్న: నాన్నగారికి డెబ్భై ఏళ్లు. ఆయన కంప్యూటర్‌లో లినక్స్ వేసిద్దామనుకుంటున్నాను. సబబేనా?

ఆయన ఒప్పుకుంటేనే. ఆయన లేనప్పుడు మార్చేసి ఆశ్చర్యపరచడం వద్దు. ఆయన రోజూ చూసేవి బ్రౌజర్‌లోనే ఉంటే అదే బ్రౌజర్, అవే బుక్‌మార్కులు, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లతో సహా అవే చోట్ల పెట్టండి, అక్షరాల సైజు పెంచండి. అప్‌డేట్లు ఆటోమేటిక్‌గా పడేలా పెట్టి, టైమ్‌షిఫ్ట్ ఆన్ చేయండి. ఏదైనా చెడితే నిన్నటి స్థితికి వెనక్కి తీసుకెళ్లొచ్చు. కానీ టైమ్‌షిఫ్ట్ కాపాడేది సిస్టమ్‌ని, ఆయన ఫొటోలను కాదు, వాటికి వేరే బ్యాకప్ ఉండాలి. మీరు వేరే ఊళ్లో ఉంటే దూరం నుంచే ఆయన కంప్యూటర్‌ని చూసి సాయం చేయనిచ్చే రస్ట్‌డెస్క్ కూడా వేసి, మీరు అక్కడ ఉండగానే ఒకసారి కలిపి చూడండి. ఆయన ఫోన్ చేసినప్పుడు ఓపిగ్గా పలికే మనిషి మీరు కాలేకపోతే మాత్రం ఈ పని పెట్టుకోవద్దు.

ప్రశ్న: నచ్చకపోతే విండోస్‌కి తిరిగి రావచ్చా? లైసెన్స్ పోతుందా?

రావచ్చు. కంప్యూటర్‌తో పాటు వచ్చిన విండోస్ అయితే దాని డిజిటల్ లైసెన్స్ ఆ మెషీన్‌కే ముడిపడి ఉంటుంది. లినక్స్ వేసేముందు సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీ తెరిచి, యాక్టివేట్ అయి ఉందో లేదో, హోమా ప్రోనా రాసుకోండి. తిరిగి రావాలంటే మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి ఐఎస్ఓ తీసుకుని అదే ఎడిషన్ వేయండి. కీ అడిగిన చోట 'ఐ డోంట్ హ్యావ్ ఎ ప్రోడక్ట్ కీ' నొక్కి ముందుకెళితే, నెట్ కలిశాక అదే యాక్టివేట్ అవుతుంది.