శాటిలైట్ రేడియో తెచ్చుకోండి, మెసెంజర్ మాత్రం వద్దు

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. జేబులో పెట్టుకుని నడుస్తూ వినే సిరియస్ ఎక్స్‌ఎం శాటిలైట్ రేడియో ప్లేయరు వాడేవాడు. ఇప్పుడు అన్నీ ఫోన్లోనే వింటున్నాడు కాబట్టి ఆ సెట్టు నన్ను తీసుకెళ్లమంటున్నాడు. కొండలెక్కేటప్పుడు వాడిన శాటిలైట్ మెసెంజర్ కూడా మా తమ్ముడి కొడుక్కి ఇమ్మని పంపుతున్నాడు. శాటిలైట్ ఫోన్లు తెచ్చినవాళ్లను ఎయిర్‌పోర్టులో పట్టుకున్నారని పేపర్లో చదివాక టెన్షన్ పట్టుకుంది. నేను హైదరాబాద్‌లో దిగి రాజమండ్రి విమానం ఎక్కాలి. ఏమైనా ఇబ్బంది అవుతుందా?
- ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అమ్మా, రెండిటికీ శాటిలైట్ అనే పేరున్నా చట్టం దృష్టిలో ఒకటి చెవి, ఒకటి నోరు. రేడియో వినడమే తప్ప పైకి ఏమీ పంపదు. మెసెంజర్ ఉపగ్రహానికి సందేశం పంపుతుంది. మీ భయం ఈ రెండో దాని గురించే ఉండాలి.

1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం 3వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోకూడదు. మామూలు రేడియోకి కూడా పోస్టాఫీసులో ఏటా డబ్బు కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకున్న రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. వినే సెట్లకు ఆ బాధ 1980లలోనే తప్పింది. ఆ తర్వాత వరల్డ్‌స్పేస్ ఉపగ్రహ రేడియో మన ఇళ్లలో బాహాటంగానే మోగింది. తెలుగుకు ‘స్పందన’ అని ఒక ఛానలే ఉండేది. 2009 డిసెంబరు 31తో ఇక్కడ ఆ సేవ ఆగిపోయింది గానీ, అది కంపెనీ దివాలా వల్ల. సెట్టు ఉంచుకోవడం నేరమై కాదు.

కాబట్టి రేడియో తెచ్చుకోవచ్చు. కాకపోతే చట్టం ఒప్పుకున్నా ఆకాశం ఒప్పుకోదు. సిరియస్ ఎక్స్‌ఎం ప్రసారాలు ఉత్తర అమెరికా కోసమే. కాకినాడలో మీ వాకింగ్‌కి అందవు. పైగా ఆ ప్లేయర్లలో కొన్నిటికి, కారు స్టీరియోలో వినడానికని, చిన్న ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ ఉంటుంది. అంటే చెవికి చిన్న నోరు కూడా అతికించారన్నమాట. మీ అబ్బాయిది అలాంటి మోడలేమో అడగండి. అయితే మాత్రం, ఎలాగూ ఇక్కడ పలకని సెట్టు కోసం ఆ తలనొప్పి ఎందుకు, అక్కడే ఉంచేయండి.

ఇక మెసెంజర్. లైసెన్సు లేని ట్రాన్స్‌మిటర్ దగ్గర ఉంటే అదే చట్టం 6(1ఎ) కింద మూడేళ్ల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వెయ్యేగా అనుకోకండి. పరికరం పోతుంది, విమానం పోతుంది, పోలీస్ స్టేషను, బెయిలు, కోర్టు వాయిదా అన్నీ ఉంటాయి. 2008 ముంబయి దాడుల్లో ఉగ్రవాదులు శాటిలైట్ ఫోన్ వాడినప్పటి నుంచి ఈ విషయంలో పట్టు మరీ బిగిసింది. పాత చట్టం స్థానంలో విడతలుగా వస్తున్న 2023 టెలికమ్యూనికేషన్ల చట్టంలోనూ రేడియో పరికరానికి అనుమతి కావాలనే ఉంది.

దిగేటప్పుడు ఎవరూ అడగలేదు కదా అని ధీమా పడొద్దు. 2024 డిసెంబరులో ఒక కెనడా మహిళను ఇలాంటి మెసెంజర్‌తోనే ఆపారు. అది ఆమె మన దేశంలో అడుగుపెట్టినప్పుడు కాదు, గోవా నుంచి కొచ్చి విమానం ఎక్కబోతుండగా, సెక్యూరిటీ చెక్‌లో. మీకూ శంషాబాద్‌లో రాజమండ్రి విమానానికి మళ్లీ చెకింగ్ ఉంటుంది. ‘మా అబ్బాయి ఇచ్చాడు, నాకు తెలియదు’ అంటే బెయిలు దగ్గర ఉపయోగపడుతుందేమో గానీ కేసు ఆగదు.

ఆ వస్తువు వద్దని అబ్బాయికి ఇవాళే చెప్పండి. ఒకవేళ బ్యాగులో వచ్చేసిందని దారిలో తెలిస్తే, కస్టమ్స్ దగ్గర చెప్పాల్సిన వస్తువులేవీ లేనివారు వెళ్లే గ్రీన్ ఛానల్ వైపు వెళ్లకండి. రెడ్ ఛానల్‌లో కస్టమ్స్ అధికారికి మీరే ముందుగా చెప్పి, డిక్లరేషన్‌లో రాయండి. కస్టమ్స్ చట్టం 77వ సెక్షన్ కింద అలా నిజం రాసినవారు, 80వ సెక్షన్ కింద ఆ వస్తువును అక్కడే ఉంచి, దేశం విడిచి వెళ్లేటప్పుడు తిరిగి ఇమ్మని కోరవచ్చు. రసీదు అడిగి తీసుకుని, మళ్లీ డల్లాస్ వెళ్లేదాకా పాస్‌పోర్టుతో పాటు దాచుకోండి.